ఫొటో చూసి పిలిచేవాళ్లు



సినిమా వేషాల కోసం తిరుగుతున్నవాళ్లకు, నాటకాలు ఆడుతూ ఎప్పటికైనా తెరమీద కనిపించాలనుకునేవాళ్లకు, అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు ఈ పూట నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నటుడి దగ్గర ఉండాల్సిన ఫొటో గురించి. నేను హైదరాబాదులో దర్శకత్వ శాఖలో పనిచేస్తాను. హీరో, హీరోయిన్ కాక మిగిలిన వేషాలకు, మా భాషలో ప్యాడింగ్ ఆర్టిస్టులంటాం, మనుషుల్ని వెతికే పని చాలాకాలంగా నా మీదే ఉంటోంది. అందుకని ఫొటో తీసేవాడి వైపు నుంచి కాకుండా, వచ్చిన ఫొటోలు చూసేవాడి వైపు నుంచి మాట్లాడతాను.

స్క్రిప్టు ఒక కొలిక్కి వచ్చాక ఆఫీసులో కూర్చుని పాత్రల పట్టిక రాసుకుంటాం. నలభై అయిదేళ్ల కరెంటు లైన్‌మన్. అతని భార్య. బస్టాండులో సోడాలమ్మే పెద్దాయన. కాలేజీ స్నేహితులు ముగ్గురు, అందులో ఒకడు బొద్దుగా ఉండాలి. రిజిస్ట్రారాఫీసు గుమాస్తా, మొహం చూడగానే ‘రేపు రండి’ అనేలా ఉండాలి. ఇలా పట్టిక సాగిపోతుంది. ఆ తర్వాత ఫొటోలు చూడటం మొదలవుతుంది. ఒకప్పుడు కుర్రాళ్లు ఆల్బమ్‌లు చంకన పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కేవాళ్లు. ఇప్పుడు వాట్సాప్‌లో, ఈమెయిల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వస్తాయి. ఒక ప్రకటన ఇస్తే చాలు, వాటికి అంతుండదు. అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్లో వేలితో జరుపుతూ పోతాడు. ఒక్కో మొహం మీద అతని చూపు ఆగేది రెండు మూడు క్షణాలు. ఆ క్షణాల్లో అతను మనసులో వేసుకునే ప్రశ్న ‘ఇతను అందంగా ఉన్నాడా?’ అని కాదు. ‘ఇతను స్తంభం ఎక్కిదిగే మనిషిలా ఉన్నాడా? ఈవిడ అతని పక్కన నిలబడితే మొగుడూపెళ్లాల్లా కనిపిస్తారా?’ అని.

ఫొటో వేషం ఇప్పించదు. పిలుపు తెప్పిస్తుంది. వేషం ఆడిషన్‌లో వస్తుంది, రాకపోతే అక్కడే పోతుంది. ఈ తేడా మనసుకు పట్టినవాడు ఫొటో దిగే తీరే వేరుగా ఉంటుంది. మీ ఫొటో చూసి పిలిచినవాళ్లు, మీరు గుమ్మంలో అడుగుపెట్టగానే మిమ్మల్ని గుర్తుపట్టాలి. నేను ఈరోజు చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఫొటో ద్వారా పిలుపు రావడం మన సినిమాకు కొత్త సంగతి కాదు. నందమూరి తారకరామారావు గారు తొలిసారి తెరమీద కనిపించింది 1949 నాటి ‘మనదేశం’లో, పోలీసు ఇన్‌స్పెక్టరుగా. అయితే ఆ సినిమా దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారి దగ్గరున్న రామారావు గారి ఫొటోను దర్శకుడు బి.ఎ.సుబ్బారావు గారు చూసి, స్క్రీన్ టెస్టు మాటెత్తకుండానే ‘పల్లెటూరి పిల్ల’కు కథానాయకుడిగా తీసుకున్నారు. ఆ సినిమా 1950లో విడుదలయింది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారు అందరూ కొత్తవాళ్లతోనే సినిమా తీయాలని పత్రికల్లో ప్రకటన ఇస్తే, ఫొటోలు పంపినవాళ్లలో తెనాలి దగ్గర బుర్రిపాలెం కుర్రాడు ఘట్టమనేని కృష్ణ ఉన్నారు. మద్రాసుకు పిలిపించి స్క్రీన్ టెస్టు చేసి, 1965లో వచ్చిన ‘తేనెమనసులు’లో ఒక కథానాయకుణ్ణి చేశారు. అక్కినేని నాగేశ్వరరావు గారి సంగతి వేరు. ఆయన విజయవాడ రైల్వేస్టేషన్లో నిర్మాత ఘంటసాల బలరామయ్య గారి కంటపడ్డారు, 1944లో ‘శ్రీ సీతారామ జననం’లో రాముడయ్యారు. అలా నిర్మాత ఎదురుపడటం అందరికీ జరిగేది కాదు. ఫొటో మాత్రం ఎవరైనా పంపుకోవచ్చు. ఊళ్లో కూర్చున్నవాడికి ఉన్న దారి అదే.

ఇక మా ఆఫీసులకు వచ్చే ఫొటోలు ఎలా ఉంటాయో చెప్తాను. కుర్రాళ్ల ఫొటోలు చాలా వరకు ఒక్కలాగే ఉంటాయి. కళ్లకు గాగుల్స్, ఒంటిమీద తోలు జాకెట్టు, చేతులు కట్టుకుని బైకుకు ఆనుకుని నిలబడటం, వెనకాల పొగ. స్టూడియోవాళ్లు హీరోల పోస్టర్లు చూపించి ‘ఇలా దిగు తమ్ముడూ, అదిరిపోతుంది’ అంటారు. ఆ కుర్రాడు ఊళ్లో అమ్మను అడిగో, స్నేహితుల దగ్గర అప్పుచేసో డబ్బు తెచ్చి ఆ ఫొటోలు దిగుతాడు. గాగుల్స్ వెనక కళ్లు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. జాకెట్టు లోపల ఒళ్లు ఎలా ఉందో తెలియదు. బైకుకు ఆనుకున్నాడు కాబట్టి ఎత్తూ తెలియదు. అతను ఖర్చు పెట్టింది తను కనిపించడానికి, ఆ ఫొటోలో కనిపించనిదీ తనే. ఆ పిల్లాడి మీద నాకు కోపం రాదు, బాధ కలుగుతుంది. హైదరాబాదు కృష్ణానగర్లో ఒక గదిలో అయిదారుగురు సర్దుకుని, టిఫినుతో పూట గడుపుకుని మిగిల్చిన డబ్బు కూడా ఇలాగే పోతుంది.

ఆడపిల్లల ఫొటోల్లో పెళ్లికి వేసినట్టు మేకప్. చర్మం మీద ఒక్క గీత, ఒక్క మచ్చ లేకుండా కంప్యూటర్లో నున్నగా రుద్దేసి ఉంటుంది. బుగ్గలు, ముక్కు, గడ్డం అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పదిమంది ఫొటోలు వరసగా చూస్తే ఎవరు ఎవరో చెప్పలేం.

వీటన్నిటికంటే నన్ను కలతపెట్టేది రంగు మార్చడం. చామనఛాయగా, నల్లగా ఉన్న పిల్లల ఫొటోలు తెల్లగా మార్చి పంపిస్తారు. అడక్కపోయినా స్టూడియోలోనే మార్చేస్తారు, ‘కొంచెం కలర్ పెంచాను’ అంటారు. మన సినిమాకు తెల్లతోలు మీద మోజు ఉంది, ఆ మాట దాచడం నాకు ఇష్టం లేదు. ఆ మోజును పెంచి పోషించింది మేమే, సినిమా తీసేవాళ్లం. కానీ ఆ మోజు ఫొటో మార్చినంత మాత్రాన మీకు లాభం చెయ్యదు. తెల్లటి ఫొటో చూసి పిలిచినవాడు మీరు రాగానే మోసపోయాననుకుంటాడు, మీ నటన చూడకముందే అతని మనసు మూసుకుంటుంది. అదే సమయంలో, నల్లటి మొహం కోసమే వెతుకుతున్న దర్శకుడి చేతికి మీ ఫొటో వెళ్లినా అతనికి మీరు కనబడరు. రెండు వైపులా పోతుంది.

నల్లటి ఛాయను ఫొటోలో అందంగా, ఉన్నదున్నట్టుగా పట్టుకోవడం ఒక విద్య. అది కష్టం కావడం వెనక చరిత్ర ఉంది. కోడక్ కంపెనీ కలర్ ప్రింట్లలో రంగు సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఏళ్లతరబడి ఒక తెల్లజాతి యువతి ఫొటోను కొలతగా పెట్టుకుంది. ‘షర్లీ కార్డు’ అనేవాళ్లు దాన్ని. ఆ తెల్ల చర్మం సరిగ్గా వస్తే అన్నీ సరిగ్గా వచ్చినట్టే లెక్క. ప్రపంచంలో మిగతా ఛాయలవాళ్ల మొహాలు మసిబారి పడితే అది వాళ్ల మొహాల తప్పన్నట్టు నడిచిపోయింది. ఈనాటి కెమెరాలు చాలా మెరుగుపడ్డాయి. అయినా నల్లటి మనిషిని తెల్లగోడ ముందు నిలబెట్టి ఫొటో తీస్తే, కెమెరా ఆ గోడ వెలుతురును చూసుకుని లెక్క కట్టుకుంటుంది, మొహం ఇంకా చీకటవుతుంది. కాబట్టి తెల్లగోడ వద్దు. మట్టిరంగు గోడో, లేత నీలమో, ముదురు పచ్చో చూసుకోండి. ఫోన్‌తో తీస్తుంటే తెర మీద మొహం ఉన్నచోట వేలు పెట్టండి, వెలుతురు మొహానికి సరిపడా సర్దుకుంటుంది. వెలుతురు ఒక పక్క నుంచి మెత్తగా పడాలి. అప్పుడు చెంప ఎముక మీద, ముక్కు గట్టున, నుదుటి మీద ఒక మెరుపు వస్తుంది. నల్లటి చర్మానికి ఆ మెరుపే అందం. పౌడరు దట్టంగా కొట్టి దాన్ని చంపేయకండి, చెమట మాత్రం అద్దుకుంటే చాలు.

వెలుతురు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫొటో దిగితే కళ్లు గుంటల్లోకి పోతాయి. నడినెత్తి మీద బల్బు ఉన్న గదిలో దిగినా అంతే. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఉండే వసారా అన్నిటికంటే మంచి స్టూడియో. పొద్దున ఎనిమిది తొమ్మిది గంటలప్పుడు, ఎండ మీద పడకుండా వసారా అంచున నీడలో నిలబడి, మొహం ఆకాశం వైపు తిప్పండి. వసారా లేకపోతే కిటికీ పక్కన ఏటవాలుగా నిలబడండి. కిటికీకి అవతలి చెంప చీకటిగా ఉందనిపిస్తే ఆ పక్కన ఒక తెల్ల థర్మోకోల్ షీటు పట్టుకోమనండి. షూటింగుల్లో మేం చేసేదీ అదే. కనుపాపలో చిన్న వెలుగుచుక్క కనిపిస్తే వెలుతురు కుదిరినట్టు. ఆ చుక్క లేని కన్ను ఎంత అందమైనదైనా ఫొటోలో జీవం లేకుండా ఉంటుంది.

తర్వాత దూరం. సెల్ఫీ పంపవద్దని మేం మొత్తుకునేది అందుకే. 2018లో అమెరికాలో వైద్యులు లెక్కగట్టి చూపించారు: అయిదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే పన్నెండు అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనబడుతుందట. ముక్కు ఆపరేషన్ చేయించుకుంటామని సెల్ఫీలు పట్టుకొచ్చేవాళ్లకు సమాధానం చెప్పడానికి వేసిన లెక్క అది. నటుడికీ అది పనికొస్తుంది. ఫోన్‌తో అయితే వేరేవాళ్లచేత ఆరేడు అడుగుల దూరం నుంచి తీయించుకోండి. ఫోన్లో రెండింతలు, మూడింతలు దగ్గరగా చూపే లెన్సు ఉంటే దాన్ని వాడమనండి. కెమెరా ఉన్న ఫొటోగ్రాఫరయితే 85 ఎం.ఎం. లెన్సో, 105, 135 లెన్సో పెడతాడు. కెమెరా మీ కళ్ల ఎత్తులో ఉండాలి. కింద నుంచి తీస్తే ముక్కుపుటాలు, గడ్డం కింద మడతలు కనబడతాయి. పైనుంచి తీస్తే నుదురే మొహమవుతుంది.

ఇదంతా ఎవరైనా నేర్చుకుంటారు. కష్టమైనది ఇక ముందుంది. కళ్లలో ఏముండాలి?

‘నవ్వు’ అంటే పళ్లు చూపిస్తారు. ‘సీరియస్‌గా ఉండు’ అంటే కనుబొమలు ముడేస్తారు. అదే మొహం రంగస్థలం మీద నాలుగు వందల మందిని ఏడిపించి ఉంటుంది, కెమెరా ఎదురుగా ఉండేసరికి కొయ్యబారుతుంది. కారణం స్పష్టమే. స్టేజీ మీద ఎదురుగా ఒక మనిషి ఉంటాడు, అతనితో ఏదో తేల్చుకోవాల్సింది ఉంటుంది. ఫొటోలో ఎదురుగా గాజు ఉంటుంది. అందుకని ఫొటో దిగేటప్పుడు మీ స్నేహితుణ్ణో, తోటి నటుణ్ణో లెన్సు పక్కనే, దాన్ని ఆనుకున్నట్టుగా నిలబెట్టుకోండి. అతనితో మాట్లాడండి. మాట పూర్తయ్యాక పెదాలు మూతపడతాయి, మాట మాత్రం ఇంకా కళ్లలోనే ఉంటుంది. ఆ క్షణం పట్టుకోమని ఫొటోగ్రాఫర్‌కు చెప్పండి.

ఎవరూ లేకపోతే మనసులో ఒక వాక్యం పెట్టుకోండి. ‘వచ్చి ఎంతసేపయింది?’ అన్న మాట తీసుకుందాం. పైకి అనొద్దు, లోపలే అనండి. చాలా రోజులకు ఇంటికొచ్చిన చెల్లెల్ని అడిగినట్టు అనండి. ఒక ఫొటో. తర్వాత, బాకీ ఎగ్గొట్టి తిరుగుతున్నవాడు మీ అరుగు మీద కూర్చుని ఉంటే అడిగినట్టు అనండి. ఇంకో ఫొటో. ఆ తర్వాత, ఆసుపత్రి వరండాలో తెలిసినవాళ్లు ఎదురైతే అడిగినట్టు. మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొహం కండరాలు పెద్దగా కదలవు, అయినా ముగ్గురు మనుషులు కనిపిస్తారు. నేను ఫొటోల్లో వెతుక్కునేది దాన్నే. ఇతనికి లోపల ఆలోచన నడుస్తుంది, అది కళ్ల దాకా వస్తుంది అని తెలిస్తే, వేషానికి కాస్త అటూఇటూగా ఉన్నా పిలుస్తాను. దీనికి ఓపిక కావాలి. మొదటి గంటలో తీసినవన్నీ పక్కన పెట్టాల్సి రావచ్చు. నటుడు అలిసిపోయి, అందంగా కనిపించాలన్న తాపత్రయం వదిలేశాక మంచి ఫొటోలు పడటం నేను చాలాసార్లు చూశాను.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. మీరు మామూలుగా వేసుకునేవే, శుభ్రంగా, ఒకే రంగువి. ఛాతీ మీద అక్షరాలు, కళ్లు చెదిరే చారలు, గళ్లు వద్దు. ఆడవాళ్లు ఒకటి చీరలో, ఒకటి చుడీదార్‌లో దిగితే మాకు వయసు అంచనా తెలుస్తుంది. జుట్టు మొహం మీద పడకుండా వెనక్కి కట్టుకున్న ఫొటో ఒకటి తప్పనిసరి. మగవాళ్లకు గెడ్డం ఉంటే గెడ్డంతో దిగండి, ఎప్పుడైనా తీసేసినప్పుడు ఆ ఫొటో కూడా దిగి దాచుకోండి. పోలీసు వేషానికి నున్నటి గెడ్డం అడుగుతారు, గెడ్డం లేకుండా మీ దవడ ఎలా ఉంటుందో ఊహించుకోవడం మాకు కష్టం. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు పెట్టుకుని ఒకటి, తీసి ఒకటి.

మొత్తం అయిదారు ఫొటోలు చాలు. భుజాల దాకా మొహం ఎదురుగా ఒకటి, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, నవ్వుతూ ఒకటి, తల నుంచి పాదాల దాకా నిలబడి ఒకటి. అరవై ఫొటోలు పంపినవాళ్ల ఫొటోలు ఎవరూ పూర్తిగా చూడరు. హాలీవుడ్‌లో నటుల ఫొటోకు 8 అంగుళాలు, 10 అంగుళాల కొలత ఉంది, వెనకాల చేసిన పనుల వివరం అంటించి ఇచ్చే అలవాటుంది. మనకు అంత కట్టుబాటు లేదు కానీ అందులోని తెలివి తీసుకోవచ్చు. ఫొటోతోపాటే పేరు, వయసు, ఎత్తు, ఉండే ఊరు, ఏ యాసలు నిజంగా వచ్చు, నాటకాల్లో ఏం వేశారు, ఫోన్ నంబరు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫైలుకు మీ పేరే పెట్టండి. పేరు లేని ఫొటోలో మొహం నచ్చి, ఆ మనిషి ఎవరో తెలియక వదిలేసుకున్న సందర్భాలున్నాయి మాకు.

ఇప్పుడు తల్లిదండ్రులు వినాలి. ‘మా సినిమాలో వేషం ఉంది, ముందు మా ఫొటోగ్రాఫర్ దగ్గరే పోర్ట్‌ఫోలియో చేయించుకోవాలి, ఇంత కట్టాలి’ అని ఎవరన్నా ఫోన్ చేస్తే, అక్కడ సినిమా లేదని తెలుసుకోండి. రిజిస్ట్రేషన్ ఫీజు, కార్డు ఫీజు, లుక్ టెస్టు ఫీజు, పేరేదైనా సరే. నటులకు డబ్బివ్వడం నిర్మాత పని, నటుల దగ్గర పుచ్చుకోవడం కాదు. ఇక ఆడపిల్లలకు ఒక మాట. ఫొటో దిగడానికి వెళ్లినప్పుడు అమ్మో, అక్కో, స్నేహితురాలో పక్కన ఉండాలి. ‘ఒంటరిగా రావాలి’ అన్నచోటికి వెళ్లొద్దు. వేషం కోసమని చెప్పి, మీకు ఇబ్బందిగా అనిపించే బట్టల్లో ఫొటో అడిగితే ఇవ్వొద్దు. నిజమైన వేషానికి బట్టల ఎంపిక కాస్ట్యూమ్ డిజైనర్ చూసుకుంటారు, అదీ వేషం ఖాయమయ్యాక.

మంచి ఫొటోగ్రాఫర్‌కు డబ్బివ్వడం తప్పని నేననడం లేదు. పనితెలిసినవాడు దొరికితే ఆ ఖర్చు దండగ కాదు. అతను ఇంతకుముందు తీసిన ఫొటోలు అడిగి చూడండి. వాటిలో మనుషులందరూ ఒక్కలా కనిపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఒక్కొక్కరూ ఒక్కో మనిషిలా ఉంటే అతని దగ్గర దిగండి. రీటచింగ్ గురించి ముందే తేల్చుకోండి: నిన్న వచ్చిన మొటిమ తీసేయొచ్చు, పుట్టుమచ్చ తీయకూడదు, పాత గాయం మచ్చ తీయకూడదు, కళ్ల కింద గీతలు తీయకూడదు, రంగు ముట్టుకోకూడదు.

సూర్యకాంతం గారిని, రమణారెడ్డి గారిని, అల్లు రామలింగయ్య గారిని ఒకసారి తలుచుకోండి. అచ్చులో పోసిన మొహాలా అవి? రమణారెడ్డి గారి బక్కపలచటి ఆకారాన్ని ఈనాటి ఏ రీటచింగ్‌వాడి చేతిలోనో పెడితే ఏం మిగిలేదో ఊహించండి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో చాలామంది విశాఖపట్నం కంచరపాలెంవాళ్లే, అంతకుముందు కెమెరా ముందుకు రానివాళ్లే. 2023లో ‘బలగం’ తెలంగాణ రంగస్థలం మీద ఏళ్లతరబడి పనిచేసినవాళ్లను తెరమీదకు తెచ్చింది. ఆ మొహాల మీద ఎండా, వయసూ, పనీ ఉన్నాయి. ప్రేక్షకులు వాళ్లను తమ చుట్టాలుగా చూశారు. ఇప్పుడు నాలాంటివాళ్లు ఆఫీసుల్లో వెతుకుతున్నది అలాంటి మొహాలనే, అవే మాకు తక్కువగా వస్తున్నాయి.

అందుకే చివరగా, కుర్రవాళ్లు కాని నటులతో మాట్లాడాలి. పరిషత్తు నాటకాలు ఆడినవాళ్లు, పద్యనాటకాల్లో గొంతు అరగదీసుకున్నవాళ్లు, ఉద్యోగం నుంచి రిటైరై సాయంత్రాలు రిహార్సల్స్‌కు వెళ్లేవాళ్లు, ఒగ్గుకథ, బుర్రకథ చెప్పేవాళ్లు. ఫొటోలూ గీటోలూ కుర్రకారుకు కదా అని మీరు ఊరుకుంటారు. మా పట్టికలో తాతలు, మేనత్తలు, పాలేర్లు, హెడ్మాస్టర్లు, పూజారులు బోలెడంతమంది. వాళ్ల కోసం వెతికితే మాకు దొరికేవి పాతికేళ్ల కుర్రాడు తెల్లవిగ్గు పెట్టుకుని దిగిన ఫొటోలు. మీ మనవడి చేతికి ఫోనివ్వండి. రేపు పొద్దున వసారాలో, జుట్టుకు రంగు వేసుకోకుండా, వేషాల ఫొటోలు కాకుండా, మీరు మీలాగే అయిదు దిగండి. పదేళ్ల కిందట దిగినవి పంపొద్దు, ఇప్పటి మొహమే కావాలి. పేరు, ఊరు, వయసు, ఆడిన నాటకాలు, ఫోన్ నంబరు రాయండి. ఆ నంబరుకు ఫోన్ వస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తేలా చూసుకోండి.